వస్తువు ముందా, బొమ్మ ముందా? ఒకటి, రెండు తరగతులకు కొత్త పదాలు నేర్పడం గురించి

#1 · కొత్త_ఎస్జీటీ

అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లాలో ఒక ఎంపీపీ (మండల పరిషత్ ప్రాథమిక) స్కూల్లో పని చేస్తున్నాను. ఒకటి, రెండు తరగతులు కలిపి నా దగ్గరే ఉన్నాయి. ఇంగ్లీషులో కూరగాయలు, పండ్లు, జంతువులు నడుస్తున్నాయి. బుక్ షాపులో దొరికే పెద్ద చార్టులు కొని గోడకు తగిలించాను. పిల్లలు చార్టు మొత్తం గడగడా అప్పజెప్పేస్తారు. క్యారట్, బ్రింజాల్, టొమాటో, పొటాటో... వరసలో వెళ్తే ఒక్క తప్పు ఉండదు. అదే కర్ర తీసుకుని మధ్యలో ఒక బొమ్మ మీద పెట్టి అడిగితే, పైనుంచి మొదలుపెట్టి నోట్లో నోట్లో గొణుక్కుంటూ దాని దగ్గరికొచ్చాక చెబుతున్నారు. వీళ్లకు పదాలు వచ్చినట్టా, పాట వచ్చినట్టా?

పండ్ల చార్టులో కివీ, స్ట్రాబెర్రీ ఉన్నాయి. మా ఊరి పిల్లలు రోజూ తినే ఈతపండ్లు, రేగుపండ్లు లేవు. తెలుగులో కూడా ఇదే గొడవ. చేట, గాదె లాంటి మాటలు వస్తే ఎవరూ పలకరు.

మూడు సందేహాలు. నిజం వస్తువులు తేవాలా, బొమ్మలు సరిపోతాయా? రోజుకు ఎన్ని కొత్త పదాలు చెప్పొచ్చు? కోపం, తొందర లాంటి వాటికి ఏం చేస్తున్నారు? చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగు వస్తోంది, అందులో నమూనా పాఠం నాకే అంటగట్టారు, అదో టెన్షన్.

#2 · గోదారి_మాస్టారు

అమ్మా, మీ పిల్లలకు వచ్చింది పాటే. చార్టు పారేయక్కర్లేదు, కత్తిరించండి. ఒక్కో బొమ్మ విడిగా అట్టకు అంటిస్తే వరస పోతుంది, గొణుగుడూ పోతుంది.

ఇక వస్తువుల సంగతి. పొద్దున్నే మధ్యాహ్న భోజనం వండే ఆవిడ కూరగాయలు తెచ్చుకుంటుంది కదా. కోయకముందు ఓ పావుగంట అరువు తీసుకోండి. పిల్లాడి చేతికి బెండకాయ ఇచ్చి చివర విరవమనండి. లేతదైతే టప్పున విరుగుతుంది, ముదురుదైతే వంగుతుంది గానీ విరగదు. తొడిమ ఎక్కడో చూపించమనండి. మధ్యకు విరిచి వేళ్ల మధ్య రుద్దమనండి, జిగురు తగులుతుంది. లోపల గింజలు కనిపిస్తాయి. పైన సన్నటి నూగు ఉంటుంది, బుగ్గకు రాసుకుంటే గరగరలాడుతుంది. లేత, ముదురు, విరగడం, వంగడం, తొడిమ, జిగురు, గింజ, నూగు. ఒక్క బెండకాయకు ఎన్ని మాటలొచ్చాయో చూడండి. ఇంగ్లీషు పీరియడ్ అయితే బ్రేక్, బెండ్, సాఫ్ట్, హార్డ్, స్టిక్కీ, సీడ్. కార్డు మీద బొమ్మకైతే "లేడీస్ ఫింగర్" అని చెప్పి ఊరుకుంటాం.

నేర్పే వరస కూడా ముఖ్యం. ఫ్రాన్సులో 19వ శతాబ్దంలో సెగ్విన్ అనే డాక్టరు ఎదుగుదలలో వెనకబడిన పిల్లల కోసం మూడు మెట్ల పద్ధతి ఒకటి తయారు చేశాడు. తర్వాత మాంటిసోరి దాన్ని తన బడుల్లోకి తెచ్చుకుంది. మొదటి మెట్టు: "ఇది బెండకాయ. ఇది దొండకాయ." రెండో మెట్టు: "దొండకాయ నాకియ్యి. బెండకాయ కిటికీలో పెట్టు. దొండకాయ నీ వెనక దాచుకో." మూడో మెట్టు: "ఇదేంటి?"

మనలో చాలామంది మొదటి మెట్టు మీంచి నేరుగా మూడో దానికి దూకేస్తారు. అసలు సమయం పెట్టాల్సింది రెండో దానికి. అక్కడ పిల్లాడు నోరు తెరవక్కర్లేదు, తప్పు చెబుతానేమో అన్న భయం లేదు. వినడం, చేయడం, అంతే. నెలల తరబడి మాట్లాడని పిల్లలు కూడా ఈ మెట్టు మీద పరుగెత్తుకొచ్చి కాయ అందిస్తారు.

1980ల్లో బ్రిటన్ సాయంతో ఏపీపీఈపీ అని ఒక ప్రాథమిక విద్యా పథకం వచ్చింది, మా తరం వాళ్లకు గుర్తుంటుంది. అందులో ఆరు సూత్రాలు ఉండేవి. చుట్టుపక్కల పరిసరాల్ని పాఠానికి వాడుకోవడం ఒకటి, పిల్లలు చేసినవే గోడ మీద పెట్టడం ఒకటి. పథకం పోయింది గానీ ఆ రెండూ నాకు రిటైరయ్యేదాకా పనికొచ్చాయి.

#3 · మెదక్_పంతులు

మాస్టారూ, చెప్పడానికి బాగానే ఉంది. మా బడిలో ఇద్దరం టీచర్లం, అయిదు తరగతులు. చదవడం, రాయడం, లెక్కల కోసం తెలంగాణ ప్రభుత్వం పెట్టిన తొలిమెట్టు వచ్చినప్పటి నుంచి వారం వారం ప్లాన్ రాయాలి, నెల నెలా పరీక్ష పెట్టాలి, లెక్కలు అప్‌లోడ్ చేయాలి. పావుగంట బెండకాయకే పోతే మిగతా నాలుగు తరగతులు ఏం చేయాలి?

ఇంకోటి, ఈ టీఎల్ఎం (బోధన సామగ్రి) అన్న మాట వింటేనే నాకు చిరాకు. మేళా పెడతారు. రాత్రంతా కూర్చుని థర్మకోల్‌తో చెట్టు, దూదితో మబ్బు చేస్తాం. ఫొటోలు దిగుతాం. మర్నాడు బీరువాలో పెట్టి తాళం వేస్తాం, పిల్లలు ముట్టుకుంటే విరుగుతుందని. ఆ బీరువాలో చెట్లు ఒక అడవి అంత ఉన్నాయి.

బొమ్మలే నయం. జేబులో పడతాయి, తిరగేస్తే చాలు. అయినా ఏనుగును ఎట్లా తెస్తారు? ఓడను? మా పిల్లలు సముద్రమే చూడలేదు.

#4 · కడప_అక్క

పంతులు గారు, బీరువా సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. మాకూ ఒక అడవి ఉంది.

బొమ్మల గురించి ఒక మాట. మా దగ్గర ఉల్లిపాయ బొమ్మ చూపించి ఇదేంటి అంటే పిల్లలు "ఎర్రగడ్డ" అంటారు. వెల్లుల్లి చూపిస్తే "తెల్లగడ్డ". వాళ్ల ఇళ్లలో అదే మాట, మా ఇంట్లోనూ అదే. వాచకంలో ఉల్లిపాయ అని ఉంటుంది. కొత్తగా వచ్చిన టీచర్లు కొందరు "ఎర్రగడ్డ కాదు, ఉల్లిపాయ" అని దిద్దుతారు. ఆ పిల్ల మళ్లీ ఆ రోజు నోరెత్తదు. సరిగ్గా చెప్పింది కదా, తప్పెందుకన్నారో దానికి అర్థం కాదు.

నేను కార్డు మీద ముందువైపు బొమ్మ ఒక్కటే ఉంచుతాను, అక్షరం ఉండదు. వెనకవైపు మూడు నాలుగు పేర్లు రాస్తాను. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ, ఎర్రగడ్డ, ఆనియన్. వేరుశనగకైతే వెనక చోటు చాలదు: శనక్కాయలు, చెనిక్కాయలు, పల్లీలు, బుడ్డలు. ముందు పిల్లల మాట, తర్వాత పుస్తకం మాట, ఆ తర్వాత ఇంగ్లీషు మాట. "మీ ఇంట్లో ఏమంటారు?" అని రోజూ అడుగుతుంటే పిల్లలే పోటీ పడి తెస్తారు. మా తరగతిలో ఒకడు వాళ్ల మేనత్త ఊరి నుంచి ఆనపకాయ అన్న మాట తెచ్చాడు. మేమంతా సొరకాయ అంటాం.

#5 · చాక్‌పీసు

చార్టుల మాట వచ్చింది కాబట్టి అక్షరాల చార్టుకు కూడా ఒక దండం పెట్టుకుందాం. ఋ దగ్గర గడ్డం ఆయన బొమ్మ. మావాళ్లు "ఋ తాత" అంటారు. ఔ దగ్గర సీసా బొమ్మ. ఔషధం అని ఎవడూ అనడు. "ఔ మందు" అంటే నయం, ఒకడు "ఔ క్వార్టర్" అన్నాడు. ఈగ బొమ్మ ఎంత పెద్దగా వేశారంటే అందరూ తేనెటీగ అంటారు, పోనీ దానికీ ఈ రాదు.

#6 · ఉట్నూరు_సార్

కడప అక్క చెప్పింది మాకు ఇంకా పెద్ద ఎత్తున ఉంటుంది. మా పిల్లల ఇంటి భాష గోండి. ఒకటో తరగతిలో చేరేనాటికి తెలుగు అంతంతమాత్రం. నీళ్ల గ్లాసు చూపిస్తే "ఏర్" అంటారు. గోండిలో నీళ్లంటే అదే. భాష తెలియని సారు "ఏరు కాదురా, నీళ్లు" అంటే పిల్లాడు బిక్కమొహం వేస్తాడు.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, లంబాడీ. ముందు ఇంటి భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తేవడం దాని పద్ధతి. ఆ పుస్తకాల్లో నాకు బాగా నచ్చినవి నిండు పేజీ బొమ్మలు. సంత, పొలం, పండగ. పేజీ నిండా మనుషులు, పనులు. ఆ బొమ్మ ముందు కూర్చోబెడితే పిల్లలు వాళ్ల భాషలో ఆగకుండా మాట్లాడతారు. మనం వింటూ అందులోంచి మాటలు ఏరుకుని తెలుగు మాట పక్కన పెట్టుకుంటూ పోవడమే.

నేను వారపు సంత రోజు మర్నాడు ఇదే పని చేస్తాను. "నిన్న సంతలో ఏం కొన్నారు?" అని అడిగి వాళ్లు చెప్పినవన్నీ బోర్డు మీద గబగబా గీస్తాను. నా బొమ్మలు చూసి బాగా నవ్వుతారు, నవ్వుతూనే "అది అట్లా ఉండదు సార్" అని చెప్పడానికి మాటలు వెతుక్కుంటారు.

#7 · కొత్త_ఎస్జీటీ

అక్షరం లేకుండా బొమ్మ ఒక్కటే ఉంచడం నాకు తట్టలేదు. మా వాళ్లు బొమ్మ చూడకుండా కింద మొదటి అక్షరం చూసి ఊహించేస్తున్నారు. మాస్టారూ, వంటావిడను అడిగాను, "టమాటాలు మాత్రం ఇవ్వను, పిండేస్తారు" అంది.

#8 · బొమ్మల_బాబాయ్

నేను టీచర్‌ని కాదు, డ్రాయింగ్ వేసేవాణ్ని. పిల్లల పుస్తకాలకు, కార్డులకు చాలా కాలంగా బొమ్మలు వేస్తున్నాను. బొమ్మ ఎక్కడ దెబ్బతింటుందో మా వైపు నుంచి చెబుతాను.

మొదటిది సైజు. కార్డులన్నీ ఒకే కొలత కాబట్టి చీమా నిండుగా వేస్తాం, ఏనుగూ నిండుగా వేస్తాం. రెండూ తెలిసినవాడికి ఇబ్బంది లేదు. ఏనుగును ఎప్పుడూ చూడనివాడికి అది మేకంత జంతువు. అందుకే తెలియని జంతువు వేసినప్పుడు పక్కన ఒక మనిషినో, చెట్టునో వేయమని అడగండి. మీరే వేసుకుంటే ఇంకా మంచిది. పంతులు గారి ఏనుగుకు నా దగ్గర ఒక కిటుకు ఉంది. సుద్దముక్క పట్టుకుని బయటికెళ్లి, బడి గోడ మీద నిజం ఎత్తులో గీత గీయండి. మన ఆసియా మగ ఏనుగు భుజం దగ్గర సుమారు తొమ్మిది అడుగులు ఉంటుంది, స్టూలెక్కాలి. పిల్లల్ని ఆ గీత కింద నిలబెట్టి తర్వాత కార్డు చూపించండి.

రెండోది రంగు. పుస్తకంలో మామిడి ఎప్పుడూ పసుపు, ఎరుపు. ఆకుపచ్చగా వేస్తే పిల్లలు మామిడికాయ అంటారు, పసుపు వేస్తే మామిడిపండు అంటారు. తెలుగులో కాయకూ పండుకూ తేడా పచ్చిదా, పండిందా అన్నదే, బొమ్మలో అది రంగు మీదే నడుస్తుంది. ఆ తేడా తెలియకుండా ఎక్కడో తయారైన బొమ్మను ఇక్కడ అచ్చేస్తే గందరగోళమే.

మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది, పని చూపించే బొమ్మ. "చదవడం" అని తాతయ్య కుర్చీలో పేపరు చదువుతున్న బొమ్మ వేస్తాం. పిల్లలు తాత అంటారు, కళ్లజోడు అంటారు, కుర్చీ అంటారు. చదవడం అని ఎవరూ అనరు. అనాలని ఎందుకనుకోవాలి? బొమ్మలో అన్నీ ఉన్నాయి మరి. అదే మూడు కార్డులు పెట్టండి. తాత పేపరు చదువుతున్నాడు, పాప పుస్తకం చదువుతోంది, కండక్టరు టికెట్టు మీద నంబరు చదువుతున్నాడు. మనిషి మారాడు, చోటు మారింది, చేతిలో వస్తువు మారింది. మారకుండా ఉన్నదేంటి అని అడిగితే అప్పుడు పని బయటికొస్తుంది. పక్కన నాలుగో కార్డు, అదే తాత అదే కుర్చీలో నిద్రపోతున్నట్టు పెడితే ఇంకా తేటగా తెలుస్తుంది.

బొమ్మలతో మాటలు నేర్పడం కొత్తదేం కాదు. మొరేవియాకు (ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో ఉంది) చెందిన కొమేనియస్ అనే విద్యావేత్త 1658లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఇలాంటి పుస్తకం అచ్చు వేయించాడు. 150 పాఠాలు. పైన బొమ్మ, కింద లాటిన్‌లో, జర్మన్‌లో వాక్యాలు. బొమ్మలో ఉన్న ఒక్కో వస్తువుకు అంకె వేసి, వాక్యంలో ఆ మాట దగ్గర అదే అంకె వేశాడు. అక్షరాలకైతే జంతువుల అరుపులు పెట్టాడు, కాకి కూత దగ్గర మొదలవుతుంది. ఈ అంకెల పద్ధతి ఇప్పటికీ బంగారం. ఉట్నూరు సారు చెప్పిన సంత బొమ్మ మీద అంకెలు వేసి కింద పదాలు రాయించి చూడండి.

#9 · అంగన్‌వాడీ_టీచర్

అందరూ వస్తువులు తెమ్మంటున్నారు, మంచిదే. తెచ్చేముందు ఇది చదవండి. ఎర్రగా, నల్ల చుక్కతో అందంగా ఉంటాయని లెక్కపెట్టడానికి, పదాలకు గురివింద గింజలు వాడతారు. చాలా చోట్ల చూశాను. ఆ గింజలో విషం ఉంటుంది. మింగితే ఒక్కోసారి అలాగే బయటికి పోతుంది గానీ నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఆముదం గింజలూ అంతే. గన్నేరులో పువ్వు, ఆకు, కొమ్మ అన్నీ విషమే. ఉమ్మెత్త కాయ ముళ్లు చూసి పిల్లలు సరదా పడతారు, అదీ వద్దు. "మీరు తెండి" అని పిల్లలకు చెబితే దారిలో ఏది దొరికితే అది తెస్తారు, కాబట్టి ఏవి తేకూడదో ముందు చెప్పాలి.

రెండో సంగతి ముక్కులు. మూడు నాలుగేళ్ల పిల్లలకు శనగలు, బఠానీలు, పూసలు చేతికిస్తే నోట్లోనో, ముక్కులోనో పెడతారు. శనగ గింజ తడికి ఉబ్బుతుంది, తీయడం కష్టం. మా సెంటర్లో చిన్న గింజలన్నీ మూత గట్టిగా ఉండే పారదర్శకపు సీసాల్లో పోసి, మూతకు టేపు చుట్టి ఇస్తాను. చూస్తారు, ఊపుతారు, చప్పుడు వింటారు. కందులు, మినుములు, పెసలు చప్పుడు బట్టి కూడా చెప్పేస్తున్నారు.

#10 · చాక్‌పీసు

అమ్మో, మా స్కూల్లో గురివిందలు డబ్బా నిండా ఉన్నాయి. రేపు పొద్దున్నే తీసేస్తాను. థాంక్యూ అక్కా.

#11 · మెదక్_పంతులు

గురివింద సంగతి నాకూ తెలీదు. అంగన్‌వాడీ అక్కకు దండం.

సరే, వస్తువులు, బొమ్మలు ఒప్పుకుంటున్నా. మేడమ్ అడిగిన మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. బెండకాయ తెస్తారు. నిజం తెస్తారా? అబద్ధం? తొందర? ఎందుకంటే పాఠం చదివేటప్పుడు మా పిల్లలు ఆగిపోయేది కాయల దగ్గర కాదు. "అయినప్పటికీ", "హఠాత్తుగా", "బదులు" లాంటి మాటల దగ్గర. కార్డుల మీద నామవాచకాలు ఎన్నైనా వేస్తాం, కథ మాత్రం అర్థం కాదు.

#12 · విశాఖ_మేడమ్

పంతులు గారు, ఈ చర్చలో ఇదే అసలు ప్రశ్న.

పనులకు బొమ్మ కూడా అక్కర్లేదు, ఒళ్లే చాలు. 1960ల్లో అమెరికాలో జేమ్స్ ఆషర్ అనే సైకాలజిస్టు దీన్ని ఒక పద్ధతిగా పెట్టాడు. టీచర్ ఆజ్ఞ ఇస్తుంది, తను చేసి చూపిస్తుంది, పిల్లలు చేస్తారు. స్టాండ్, సిట్, జంప్, టచ్ యువర్ నోస్. అందరికీ తెలిసిందే. తెలిసి కూడా మనం అక్కడే ఆపేస్తాం. దాన్ని సాగదీయాలి. "మెల్లగా నడువు. తొందరగా నడువు. దొంగలా నడువు. కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు నడువు." తొందర అక్కడే వచ్చేసింది. "నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా ఆగు" అంటే హఠాత్తుగా కూడా. వారం రోజులు ఈ ఆట ఆడాక కథలో ఆ మాట వస్తే పిల్లలు కుర్చీలో ఉలిక్కిపడి ఆగినట్టు చేస్తారు.

నిజం, అబద్ధం మాత్రం వస్తువులతోనే చెప్పొచ్చు. మూడు స్టీలు గ్లాసులు బోర్లించి ఒకదాని కింద చెంచా పెడతాను. "మధ్య గ్లాసు కింద చెంచా ఉంది" అంటాను. పిల్లలు నిజం అనో, అబద్ధం అనో అరవాలి. తర్వాత ఒకరొచ్చి గ్లాసు ఎత్తుతారు. రెండో రోజు వాక్యం వాళ్లే చెబుతారు. కింద, మీద, మధ్య, పక్కన, లోపల అన్నీ ఈ ఆటలోనే దొర్లుతాయి. నేను "బహుశా"ను కూడా ఇందులోనే దించాను. గ్లాసును కొంచెం ఊపి చప్పుడు వినిపించి "బహుశా ఇక్కడ ఉందేమో" అంటే పిల్లలు కూడా ఊపి చూసి బహుశా అనడం మొదలుపెట్టారు.

"బదులు"కు వంటింటి ఆట. బెల్లం బదులు చక్కెర, గరిటె బదులు చెంచా. ఒక వస్తువు తీసి ఇంకోటి పెడుతూ చెప్పడమే.

"అయినప్పటికీ"కి మాత్రం వస్తువు లేదు, బొమ్మ లేదు. దాన్ని లాక్కొచ్చి కార్డు మీద పెట్టకండి. కథ చెప్పండి, చదివి వినిపించండి. "వాన పడుతోంది. అయినా రాము గొడుగు తీసుకోలేదు." ఇలాంటి వాక్యాలు చెవిన పడి పడి రావాల్సిందే. ముందు "అయినా" వస్తే రెండేళ్లకు "అయినప్పటికీ" వస్తుంది. ఒకటో తరగతికి దానితో పనే లేదు.

#13 · డాలస్_అమ్మ

మీరందరూ ఊళ్లో ఉన్నారు కాబట్టి బెండకాయ దగ్గర మొదలుపెట్టగలిగారు. మాకు ఇక్కడ కథ తిరగబడింది. వారాంతపు తెలుగు బడిలో పాఠం చెబుతాను. మా పిల్లలకు కివీ, స్ట్రాబెర్రీ చూడగానే తెలుసు. చేట, జల్లెడ, రోలు, కవ్వం తెలీదు. కవ్వం బొమ్మ చూసి ఒక పిల్ల పువ్వు అంది.

నేను చేసే పని ఏంటంటే, ఇండియన్ స్టోర్‌లోనే ఒక క్లాసు. జీడిపప్పు, మినప్పప్పు, చింతపండు ప్యాకెట్ల మీద పేర్లు వెతకడం. ఇక రోలు, తిరగలి లాంటి వాటికి అమ్మమ్మలకు వీడియో కాల్. ముందే చెప్పి పెడతాం, ఆవిడ పెరట్లో ఫోన్ పట్టుకుని రోట్లో పచ్చడి నూరుతూ చూపిస్తుంది. బొమ్మలో రోలు ఒక రాయి. అమ్మమ్మ నూరుతుంటే చప్పుడుంది, చేతి గాజులున్నాయి, "ఉప్పు సరిపోయిందో లేదో చూడు" అన్న మాట ఉంది. పిల్లలు నూరడం, దంచడం, రుబ్బడం మూడు వేరువేరని అప్పుడే పట్టుకున్నారు.

#14 · చాక్‌పీసు

స్మార్ట్ టీవీ ఉన్నవాళ్లకు ఇవన్నీ ఎందుకండీ, యూట్యూబ్‌లో రోలు కొడితే వస్తుంది కదా అని మా హెచ్‌ఎం అంటారు. మీరేమంటారు?

#15 · గోదారి_మాస్టారు

ఏనుగుకు, ఓడకు, సముద్రానికి టీవీ వాడండి, తప్పేముంది? కదిలే ఏనుగు కార్డు మీది ఏనుగు కంటే నయం. వాకిట్లో ఉన్న వేపచెట్టును టీవీలో చూపిస్తే మాత్రం నేను మీ హెచ్‌ఎం గారితో తగువు పెట్టుకుంటాను. వేపాకు నమిలితే చేదు అన్న మాట ఒక్క క్షణంలో వస్తుంది.

డాలస్ అమ్మాయి గారి అమ్మమ్మ మనందరి కంటే మంచి టీచరు. ఆవిడ ఎదురుగా ఉంది, పిల్లలతో మాట్లాడుతోంది. యూట్యూబ్ వాడు "ఉప్పు చూడు" అనడు.

#16 · కొత్త_ఎస్జీటీ

అందరి మాటలూ కాగితం మీద పెట్టుకుని నమూనా పాఠం ఇలా అనుకున్నాను. కూరగాయలు పన్నెండు, 40 నిమిషాలు. ముందు వస్తువులు, తర్వాత మూడు మెట్లు, తర్వాత కార్డులతో జత కలపడం, తర్వాత గుడ్డ సంచిలో చెయ్యి పెట్టి చూడకుండా చెప్పే ఆట, చివర వర్క్‌షీటు. ఎలా ఉంది?

#17 · మెదక్_పంతులు

పన్నెండు కూరగాయలంటే అది పాఠమా, రైతు బజారా మేడమ్? ఆరు చాలు. ఆరులో కూడా నాలుగు పిల్లలకు తెలుగులో బాగా తెలిసినవి ఉండాలి, రెండే కొత్తవి. లేకపోతే మాటా కొత్తే, వస్తువూ కొత్తే అయిపోతుంది. దొండకాయ, బెండకాయ లాంటి పోలికున్న పేర్లు మొదటి రోజు ఒకేసారి పెట్టకండి, కలగాపులగం చేస్తారు. ఇక్కడ మాస్టారుతో విభేదిస్తున్నా.

వర్క్‌షీటు కొట్టేయండి. కాంప్లెక్స్ మీటింగ్‌లో అందరూ ఇచ్చేదే. దాని బదులు పళ్లెం ఆట పెట్టండి. పళ్లెంలో ఆరూ పెట్టి పిల్లల్ని కళ్లు మూసుకోమని ఒకటి తీసేస్తారు. ఏది పోయింది? పిల్లలు చచ్చినా వదలరు ఆ ఆట. ఇదే పళ్లెం మర్నాడు అయిదు నిమిషాలు, మూడో రోజు అయిదు నిమిషాలు, వచ్చే సోమవారం ఇంకోసారి. నమూనా పాఠం రోజు చెప్పింది ఎవరికైనా గుర్తుంటుంది. వచ్చే సోమవారం ఎన్ని గుర్తున్నాయో మాకు ఇక్కడ రాయండి, అదే అసలు ఫలితం.

#18 · గోదారి_మాస్టారు

పంతులు గారు చెప్పింది నిజమే. ఒకే మూసలో ఉన్న పేర్లు మొదటి రోజు వద్దు. బెండకాయ, టమాటా, మిరపకాయ అలా చూడటానికి, వినడానికి దూరంగా ఉన్నవి పెట్టుకోండి. మిరపకాయ మాత్రం పచ్చిది విరవనివ్వకండి, ఆ చేత్తోనే కళ్లు నలుపుకుంటారు.

#19 · ఉట్నూరు_సార్

ఒక చిన్న మాట కలుపుతాను. ఆట చివర పిల్లలతో ఒక్క వాక్యమైనా అనిపించండి. "నాకు వంకాయ ఇష్టం", "నాకు వంకాయ వద్దు". ఇంగ్లీషులో ఐ లైక్, ఐ డోంట్ లైక్. నిజంగా ఇష్టం లేనివాడు "వద్దు" ఎంత గట్టిగా చెబుతాడో చూడాలి. విడి మాట కంటే తగువుతో వచ్చిన మాట బాగా నిలుస్తుంది.

2021లో మొదలైన కేంద్రం పథకం నిపుణ్ భారత్ అంతా మూడో తరగతి ముగిసేసరికి అర్థం చేసుకుంటూ చదవాలనే కదా. అర్థం చేసుకోవడానికి ముందు మాటలు కావాలి. మీ పైవాళ్లు ఇవి ఆటలేంటి అంటే ఆ సంగతి చెప్పండి.

#20 · చాక్‌పీసు

కార్డుల మీద ఒక ఉచిత సలహా. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు వాహనాల కార్డులు, ఇంటి వస్తువుల కార్డులు గోడ మీద ఉంచొద్దు. మా దగ్గర పోలింగ్ బూత్ పెట్టినప్పుడు వచ్చినవాళ్లు ఫ్యాను, సైకిలు, కారు అన్నిటి మీదా కాగితాలు అంటించి పోయారు. మర్నాడు పిల్లలు ఒక్కో కాగితం పీకుతూ కింద ఏముందో కనిపెట్టే ఆట ఆడుకున్నారు, అంతకంటే మంచి పాఠం నేను చెప్పలేదు.

#21 · కొత్త_ఎస్జీటీ

ఆరే పెడుతున్నాను. బెండకాయ, టమాటా, వంకాయ, ఉల్లిపాయ తెలిసినవి. బీట్‌రూట్, క్యాబేజీ కొత్తవి. టమాటాకు వంటావిడ ఒప్పుకుంది, ఆవిడే పక్కన కూర్చుంటానంది. వర్క్‌షీటు తీసేశాను.

చివరి సందేహం. కార్డులు చేసినవి వానాకాలంలో చెమ్మకు ఉబ్బి బూజు పడుతున్నాయి. లామినేషన్‌కు డబ్బులు ఎక్కువ అడుగుతున్నారు. ఏం చేస్తున్నారు?

#22 · కడప_అక్క

లామినేషన్ వద్దమ్మా, లైటు పడితే మెరిసి వెనక కూర్చున్నవాళ్లకు బొమ్మ కనిపించదు. పెళ్లి శుభలేఖల అట్టలు దాచుకోండి, గట్టిగా ఉంటాయి, ఊరికే వస్తాయి. బొమ్మ అంటించాక అంచులకు మాత్రం వెడల్పు ప్యాకింగ్ టేపు చుట్టండి. మైదా పిండితో అంటించకండి, బూజు, బొద్దింకలు దానికే వస్తాయి, ఫెవికాల్ వాడండి. బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి అడుగున వేపాకులు ఎండబెట్టి వేస్తే పురుగు రాదు. ఒక్కో పాఠం కార్డులకు ఒక రబ్బరు బ్యాండు, పైన పాఠం పేరు. డబ్బా బీరువాలో పెట్టొద్దు, పిల్లలకు అందే చోట పెట్టండి. నలిగినవి వాళ్లే మళ్లీ వేసిస్తారు.

#23 · బొమ్మల_బాబాయ్

శుభలేఖల వెనక మెరుపు ఉంటే రంగు అంటదు, లోపలి వైపు వాడండి. ఎవరికైనా కూరగాయలు, జంతువుల గీత బొమ్మలు కావాలంటే చెప్పండి, రంగులు వేయకుండా వేసి ఇక్కడే పెడతాను. కాయా పండా అన్నది మీరే రంగేసుకోవచ్చు. పని చూపించే కార్డుల్లో ముందు ఏవి కావాలో ఒక పది మాటలు రాయండి.

#24 · మెదక్_పంతులు

ఎత్తడం, దించడం, ఇవ్వడం, లాక్కోవడం, వెతకడం, దొరకడం, దాచడం, పంచడం, మోయడం, విసరడం. ఒక్కోదానికి మూడు బొమ్మలు, మీరు చెప్పినట్టే. ఏనుగు కూడా ఒకటి వేసి పక్కన మనిషిని పెట్టండి బాబాయ్, మా గోడకు తొమ్మిది అడుగుల ఎత్తు లేదు.